రౌటర్ గారికి ఒక పాత కంప్యూటర్ తరఫున విజ్ఞప్తి

మహారాజశ్రీ రౌటర్ గారికి,

ఇంట్లోని పాత కంప్యూటర్ తరఫున దాని యజమాని రాసుకునే విజ్ఞప్తి.

ఉభయకుశలోపరి అని రాయాలనే ఉంది గానీ, కుశలం తమరి వైపే ఉంది. కొమ్ములు నాలుగూ నిటారుగా ఉన్నాయి, దీపాలన్నీ పచ్చగా వెలుగుతున్నాయి. మావాడికే తమరి దర్శనభాగ్యం లేదు. గోడ అవతలి రౌటర్ల పేర్లన్నీ వరసపెట్టి చూపిస్తాడు. మూరెడు దూరంలో ఉన్న తమరు మాత్రం కనబడరు.

తప్పు వాడి కళ్లదేమీ కాదు. తమరు 5 గిగాహెర్ట్జ్ అనే రేడియో బ్యాండ్‌లో తప్ప దర్శనమివ్వరు, వాడి వై-ఫై కార్డుకు తెలిసింది 2.4 బ్యాండ్ ఒక్కటే. పోనీ అని తమరి సెట్టింగుల్లోకి వెళ్లి 2.4 కూడా ఆన్ చేస్తే, తమరు పోయి పోయి ఆ బ్యాండ్‌లోని దారుల్లో 13వ దానిలో, అంటే 13వ ఛానల్లో కూర్చున్నారు. మావాడిది అమెరికా మార్కెట్ కోసం చేసిన కార్డు, 11 దాటి లెక్కపెట్టడం దానికి నేర్పలేదు. బతిమాలి తమరిని 6కి దించాక పేరు కనబడింది. అప్పుడు తమరు డబ్ల్యూపీఏ3 అనే వై-ఫై తాళం భాష తప్ప మరో భాషలో మాట్లాడనన్నారు.

అయ్యా, ఆ భాష పుట్టిందే 2018లో. మావాడి విండోస్ ఎక్స్‌పీ 2001 నాటిది. పాపం 2008లో సర్వీస్ ప్యాక్ 3 అనే పెద్ద అప్‌డేట్ వేయించుకుని దాని ముందుతరం డబ్ల్యూపీఏ2 వరకు చదువుకున్నాడు. వెప్ అనే మరీ పాత తాళానికి దిగిరమ్మని నేను అడగను, ఆ తాళం నిమిషంలో ఊడుతుందని 2007లోనే తేలిపోయింది. డబ్ల్యూపీఏ2 చాలు. పాతవాళ్లనూ రానిచ్చే మిక్స్‌డ్ మోడ్ తమరి దగ్గరే ఉంది. దాన్ని అన్ని మెనూల అడుగున దాచడమెందుకు?

ఈ గొడవంతా దేనికని కొత్త యూఎస్‌బీ వై-ఫై అడాప్టర్ తెచ్చాను. పెట్టె మీద 300 మెగాబిట్లని రాసుంది. మావాడి యూఎస్‌బీ 1.1 పోర్టుకు 12 మించితే మింగుడుపడదు. ఆ పన్నెండైనా దక్కాలంటే అడాప్టర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్ వేయాలి, డ్రైవర్ కావాలంటే నెట్ ఉండాలి. పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు, పెళ్లైతేగానీ పిచ్చి కుదరదు.

చివరికి తమరి వీపున ఉన్న పోర్టుల్లో ఒకదానికి లాన్ కేబుల్ గుచ్చాను. అంతే! పాస్‌వర్డ్ అడగలేదు, ఛానల్ గొడవ లేదు, ఏ సంవత్సరం బ్యాచ్ అని ఆరా లేదు. ఆ చివర గిగాబిట్ తమరు, ఈ చివర 100 మెగాబిట్ల ముసలి కార్డు. ఇద్దరూ ఒకరి వేగం ఒకరు అడిగి తెలుసుకుని వందకు ఒప్పేసుకున్నారు. ఎనిమిది తీగల్లో నాలుగే పనిచేశాయి, అయినా ఎవరికీ చిన్నతనం అనిపించలేదు. గాల్లో అంత పెద్దరికం చూపించిన తమరేనా, తీగ దగ్గర ఇంత కలుపుగోలుగా ఉన్నది? ఇంత మంచి గుణాన్ని వీపు వెనక దాచుకోవడం, పైగా తమరి కొత్త తమ్ముళ్లలో కొందరు ఒకటి రెండు పోర్టులతోనే బయటికి రావడం నాకు మింగుడుపడని విషయం.

కనెక్ట్ అయ్యాక కూడా సైట్లు తెరుచుకోలేదు. ఆ నేరం తమరిది కాదు. మదర్‌బోర్డు మీద గడియారాన్ని నడిపే సీఆర్2032 బిళ్ల బ్యాటరీ చచ్చిపోయి, మావాడు ఇంకా 2002 జనవరి 1లోనే ఉన్నాడు. సైట్ల గుర్తింపు పత్రాలైన సర్టిఫికెట్లు వాడి లెక్కన ఇంకా పుట్టనే లేదు, పుట్టనివాటిని ఎలా నమ్ముతాడు? తేదీ సరిచేశాక కొన్ని తెరుచుకున్నాయి. మిగతావి టీఎల్ఎస్ 1.2 అనే భద్రతా భాష రాని బ్రౌజర్‌ని గుమ్మంలోనే ఆపేశాయి. బ్యాంకు పనులు ఎలాగూ వాడి చేతిలో పెట్టను. ఎక్స్‌పీకి సెక్యూరిటీ అప్‌డేట్లు 2014 ఏప్రిల్ 8తోనే ఆగిపోయాయి కదా. పాత ఫైళ్లు ఇంట్లోని మరో కంప్యూటర్‌కి పంపడానికి, ప్రింటర్‌తో మాట్లాడటానికి వాడు పనికొస్తాడు. అంతమాత్రానికి తమరి సాయం చాలు.

కాబట్టి 2.4 బ్యాండ్‌ను తెరిచి ఉంచవలసిందిగానూ, ఆటో ఛానల్ పేరుతో మళ్లీ 13కి ఎక్కవద్దనీ, అర్ధరాత్రి అప్‌డేట్ అయ్యి నేను పెట్టిన మిక్స్‌డ్ మోడ్‌ను తుడిచెయ్యవద్దనీ ప్రార్థన.

ఇట్లు,
తమరి పాస్‌వర్డ్ తెలిసిన భక్తుడు

తా.క. : ఆ కేబుల్ పీకి టీవీకి పెట్టుకుంటామని ఇంట్లోవాళ్ల దగ్గర్నుంచి దరఖాస్తు వచ్చింది. తిరస్కరించాను.