ఈలింగ్ సినిమాలను 'ముద్దుగా ఉన్నాయి' అని తీసిపారేయకండి

పాత బ్రిటిష్ సినిమాల ప్రస్తావన వచ్చిందంటే చాలు, ఈలింగ్ స్టూడియో గురించి ఒకే పాట మొదలవుతుంది. ముద్దుగా ఉంటాయట, హాయిగా ఉంటాయట, ఆదివారం భోజనం చేసి నడుం వాల్చి చూడ్డానికి బాగుంటాయట. అక్కడి పత్రికలదీ అదే ధోరణి. మనవాళ్లలో ప్రపంచ సినిమా బాగా చూసేవాళ్లు కూడా ఆ మాటనే పట్టుకొచ్చి ఇక్కడ చెప్తారు. వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ సినిమాలు తీసినవాళ్లకు ఒళ్లంతా కోపమే. నవ్విస్తూ చెప్పారు కాబట్టి ఆ కోపం ఎవరికీ కనపడకుండా పోయింది.

1949 సంగతే తీసుకోండి. ఆ ఒక్క ఏడాదిలో పాస్‌పోర్ట్ టు పిమ్లికో, విస్కీ గలోర్, కైండ్ హార్ట్స్ అండ్ కరోనెట్స్ మూడూ ఈ చిన్న స్టూడియో నుంచే వచ్చాయి. మూడోదాని కథ చెప్తాను, ముద్దుగా ఉందో లేదో మీరే చెప్పండి. పెద్దింటి అమ్మాయి ఒక ఇటాలియన్ గాయకుణ్ని పెళ్లి చేసుకుందని డ్యూక్ కుటుంబం ఆమెను వెలివేస్తుంది. పేదరికంలోనే ఆమె కన్నుమూస్తే, కుటుంబ సమాధిలో చోటు కూడా ఇవ్వరు. బట్టల కొట్లో గుమాస్తాగా పనిచేసే ఆమె కొడుకు, ఆ డ్యూక్ పదవికీ తనకూ మధ్య అడ్డున్న బంధువులను వరసపెట్టి చంపుకుంటూ పోతాడు. గొంతు పెంచడు, మర్యాద తప్పడు. బెలూన్ ఎక్కి ఓటుహక్కు కరపత్రాలు పంచుతున్న అత్తగారిలాంటి ఆవిడను బాణం వేసి కూల్చేసి, ఆ సంగతి కూడా చక్కటి వాక్యంలో చెప్తాడు. వంశం పేరు తప్ప మరో అర్హత లేని జనం ఒక దేశాన్ని ఏలడం మీద ఇంత నిర్దయగా తీసిన సినిమా నేనింకోటి చూడలేదు. హంతకుడు తప్పించుకున్నట్టు అనిపించకూడదని అమెరికాలో చివర ఒక ముక్క అదనంగా అతికించి మరీ విడుదల చేశారు. ముద్దు సినిమాకు ఎవరైనా అంత భయపడతారా?

చచ్చేవాళ్లందరి వేషాలూ అలెక్ గిన్నెస్ ఒక్కడే వేశాడన్నది చాలామందికి తెలుసు. ఆ చర్చి షాట్ ఎలా తీశారో తెలిస్తే ఇంకా ఆశ్చర్యపోతారు. ఒకే ఫ్రేములో ఆరుగురు గిన్నెస్‌లు కూర్చుని ఉంటారు. కెమెరామన్ డగ్లస్ స్లోకోంబ్ కెమెరాను అంగుళం కూడా కదలకుండా బిగించేసి, లెన్స్ ముందు నల్లటి అడ్డు పెట్టి, ఒక భాగం మాత్రమే తీశాడు. ఫిల్మ్ వెనక్కి తిప్పాడు. గిన్నెస్ వేషం మార్చుకుని వచ్చాక పక్క భాగం తీశాడు. అలా ఆరు వేషాలూ పూర్తయ్యేదాకా రాత్రిపూట ఎవరైనా కెమెరాను తగిలి కదిలిస్తారేమోనని దాని పక్కనే పడుకున్నాడు. ఒక్క వెంట్రుకవాసి తేడా వచ్చినా మొత్తం మళ్లీ మొదటికొస్తుంది. మాయాబజార్‌లో మార్కస్ బార్ట్లే చేసిన మాయలు చూసి పెరిగిన మనకు ఈ కష్టం విలువ ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

పిమ్లికో సినిమా కూడా అంతే. లండన్‌లోని ఒక పేటలో పేలకుండా మిగిలిన బాంబు పేలి, పాత నిధీ ఒక పత్రమూ బయటపడతాయి. ఆ పత్రం ప్రకారం ఆ పేట ఇంగ్లండ్‌ది కానే కాదు, ఫ్రాన్సు వైపు ఒకప్పుడున్న బర్గండీ రాజ్యానిది. ఇంకేముంది, రేషన్ పుస్తకాలు చింపేస్తారు. సర్కారు సరిహద్దు మూసి, నీళ్లు ఆపేస్తే, బయటి లండన్ జనం కంచె మీదుగా తిండి విసురుతారు. యుద్ధం గెలిచి నాలుగేళ్లయినా క్యూల్లోనే నిలబడ్డ జనం గురించి, ఇంకా బాంబు గుంటలు పూడని ఊళ్లో తీసిన సినిమా అది. సినిమా మొదట్లోనే రేషన్ కూపన్లకు పూలదండ వేసి అంకితమిస్తారు. ఆ దండ చూసి హాల్లో నవ్వినవాళ్లు ఏ కడుపుమంటతో నవ్వి ఉంటారో ఒక్కసారి ఆలోచించండి.

నాకు అన్నిటికంటే గుచ్చుకునేది 1951లో అలెగ్జాండర్ మెకెండ్రిక్ తీసిన ద మ్యాన్ ఇన్ ద వైట్ సూట్. మాసిపోని, చిరిగిపోని బట్ట కనిపెడతాడు ఒక కుర్ర శాస్త్రవేత్త. అందరూ నెత్తిన పెట్టుకుంటారనుకుంటాడు. మిల్లు యజమానులు గుమ్మం మూసేస్తారు, మిల్లు కార్మికులూ వెంటపడతారు. ఇక బట్ట కొనేవాడుండడు కదా, పని ఎక్కడుంటుంది? తెల్లగా మెరిసిపోతున్న ఆ సూటుతో చీకటి వీధుల్లో పరిగెత్తుతూ, తనకు తెలిసిన ముసలావిడ ఎదురైతే సాయం అడుగుతాడు. నలుగురి బట్టలు ఉతికి బతికే మనిషి ఆవిడ. ఉతకాల్సిన పనే లేకుండా పోతే నా ఉతుకుడు ఏం కాను నాయనా అని అడుగుతుంది. అతని నోట మాట రాదు. అప్పటిదాకా మనం ఆ కుర్రాడి పక్షమే. ఆ ఒక్క ప్రశ్నతో ఎటు నిలబడాలో తెలియక ఇరుక్కుపోతాం. మరమగ్గాలొచ్చి చేమగ్గాలు మూలపడ్డ ఊళ్లు ఎరిగినవాళ్లకు ఆ సీను లోపల ఎక్కడో తగులుతుంది.

యుద్ధకాలంలోనూ వీళ్లు మెత్తగా లేరు. 1942లో కవల్కాంటి అనే బ్రెజిల్ దర్శకుడు తీసిన వెంట్ ద డే వెల్ చూడండి. మారువేషంలో జర్మన్ సైనికులు ఒక పల్లెటూళ్లో దిగుతారు. ఊరి పెద్దమనిషే ద్రోహి. పోస్టాఫీసు నడిపే ఆవిడ తన ఇంట్లో తిష్ట వేసిన సైనికుడి కళ్లల్లో మిరియాలపొడి కొట్టి, గొడ్డలితో నరికి, వణుకుతూ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజికి ఫోన్ చేస్తుంది. అవతల అమ్మాయిలు కబుర్లలో పడి ఎత్తరు. ఈలోగా ఇంకో సైనికుడు వచ్చేస్తాడు. ఆ కాసేపు నేను ఊపిరి బిగబట్టుకునే ఉంటాను, ఎన్నిసార్లు చూసినా.

ఇవన్నీ ఎవరో ఒక మేధావి బుర్రలోంచి ఊడిపడ్డవి కావు. 1938లో స్టూడియో పగ్గాలు పట్టిన మైకేల్ బాల్కన్ (హిచ్‌కాక్‌కు దర్శకుడిగా మొదటి అవకాశం ఇచ్చింది ఈయనే, డేనియల్ డే లూయిస్‌కు తాత కూడా) అందరినీ జీతం మీద పెట్టుకున్నాడు. మన విజయా వాళ్లు నటులకు నెలజీతాలిచ్చి కట్టి ఉంచిన రోజుల్లాగే. గుండ్రటి బల్ల చుట్టూ కూర్చుని ఒకరి కథను ఒకరు చీల్చి చెండాడేవాళ్లు, అక్కడ తేలని గొడవ ఎదురుగా ఉన్న రెడ్ లయన్ పబ్బులో తేల్చుకునేవాళ్లు. ఎడిటింగ్ గదిలో ఉన్న రాబర్ట్ హేమర్, చార్లెస్ క్రిక్టన్ దర్శకులయ్యారు. స్లోకోంబ్ ఆ తరవాత మొదటి మూడు ఇండియానా జోన్స్ సినిమాలకు కెమెరా పట్టుకున్నాడు. వారసత్వం అని దేన్నైనా అనాలంటే నేను దీన్నే అంటాను: నెలనెలా జీతానికి భయం లేకుండా, పక్కవాడితో ధైర్యంగా వాదించగలిగిన మనుషులు ఒకే కప్పు కింద ఏళ్ల తరబడి కలిసి పనిచేయడం. సినిమా సినిమాకూ కొత్త ముఠాను పోగేసి, అయిపోగానే చెల్లాచెదురు చేసే ఈ రోజుల్లో అది ఎక్కడుంది?

లోపాలు లేవని నేననడం లేదు. అది మగవాళ్ల క్లబ్బు. రచయితల్లో డయానా మోర్గన్ దాదాపు ఒంటరి. ఆడదాని కోరిక తెర మీదికొస్తే బాల్కన్ ఇబ్బంది పడేవాడు, హేమర్ లాంటి గట్టి దర్శకుడికి ఆయన పెట్టిన కళ్లెం చాలా నష్టం చేసిందని నా అభిప్రాయం. సామ్రాజ్యం కూలుతున్న ఆ ఏళ్లలో మనలాంటి దేశాల ఊసు ఈ సినిమాల్లో బొత్తిగా తక్కువ. 1951 నాటి పూల్ ఆఫ్ లండన్‌లో బెర్ముడా నుంచి వచ్చిన నల్లజాతి నటుడు ఎర్ల్ కామెరాన్‌కు ముఖ్యపాత్ర ఇచ్చారు, ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి.

1955లో స్టూడియోను బీబీసీకి అమ్మేశారు. వెళ్తూ వెళ్తూ బాల్కన్ గోడకు ఒక ఫలకం పెట్టించాడు, బ్రిటన్‌నూ బ్రిటిష్ స్వభావాన్నీ చూపే సినిమాలెన్నో పాతికేళ్లపాటు ఇక్కడ తీశామని. నాకు ఆయనంటే గౌరవమే, ఆ ఫలకం మాత్రం నచ్చదు. సర్కారునీ, దొరలనీ, మిల్లు యజమానులనీ, యూనియన్‌నీ ఎవరినీ వదలకుండా నిలదీసిన సినిమాలను 'బ్రిటిష్ స్వభావం' అని ఒక్క మాటలో చుట్టేస్తే, చూసేవాడు వాటిని దేశభక్తి జ్ఞాపికల్లోనే కలిపేస్తాడు. కలిపేశారు కూడా.

భవనాలు మిగిలాయి, అదృష్టం. అప్పట్లో నిర్మాత కోర్డా కట్టిన డెన్‌హామ్ స్టూడియోను కూల్చేశారు. మద్రాసు వడపళనిలో మన విజయా వాహినీ స్థలంలో ఇప్పుడు మాలూ, ఆసుపత్రీ ఉన్నాయి. ఈలింగ్‌లో మాత్రం 2000లో కొత్త యజమానులొచ్చాక కూడా షూటింగులు ఆగలేదు, డౌన్‌టన్ ఆబీ టీవీ సీరియల్‌లో నౌకర్ల వంటగది సెట్ వేసింది అక్కడే. పని జరుగుతున్నందుకు నాకు నిజంగా సంతోషం. గొడవల్లా ఆ పేరును తియ్యటి జ్ఞాపకంగా అమ్ముకోవడంతోనే.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగేవాళ్లకు: ద లేడీకిల్లర్స్ అందరూ చెప్తారు, మంచిదే, కానీ దాన్ని తరవాతకు ఉంచండి. ముందు వైట్ సూట్ చూడండి. వెంటనే కైండ్ హార్ట్స్. సబ్‌టైటిల్స్ తప్పకుండా పెట్టుకోండి, హంతకుడి వేషం వేసిన డెనిస్ ప్రైస్ ఎంత తాపీగా మాట్లాడతాడంటే హత్య ఎప్పుడు జరిగిందో కూడా మిస్సయిపోతారు. అమెరికా ముగింపు ఉన్న కాపీ మాత్రం వద్దు. చూశాక కూడా ముద్దుగానే ఉందనిపిస్తే కింద రాయండి, వాదించుకుందాం.