పొదుపు కత్తి

మన దేశంలో మధ్యతరగతి మగాడి పతనం ఎప్పుడు మొదలైందని ఎవరైనా అడిగితే తడుముకోకుండా తేదీతో సహా చెప్పగలను. 1904 నవంబరు 15. ఆ రోజు అమెరికాలో కింగ్ క్యాంప్ జిలెట్ అనే పెద్దమనిషికి, వాడి పారేసే బ్లేడున్న రేజరు మీద పేటెంటు వచ్చింది. అంతవరకూ తాత కత్తి తండ్రికి, తండ్రి కత్తి కొడుక్కి వచ్చేది. ఆ తర్వాత కొడుక్కి మిగిలింది కిరాణా కొట్లో బ్లేడు ప్యాకెట్టు.

ఈ బానిసత్వాన్ని విజయనగరం మూడు లాంతర్ల దగ్గర, ఒక అద్దె ఇంటి రెండో అంతస్తులో, ఒక ఆదివారం పొద్దున్న నేను అంతం చేయదలిచాను. కారణం ఆదర్శం కాదు, లెక్క. సెలూన్లో గడ్డానికి 60 రూపాయలు. వారానికి రెండుసార్లు. ఏడాదికి 6,240. అదే ఒక మంచి మంగలి కత్తి కొనుక్కుంటే జన్మంతా గీసుకోవచ్చు, పోయాక మనవడికి ఇవ్వొచ్చు. ఈ లెక్క చెప్పినప్పుడు మా ఆవిడ ఏమీ అనలేదు. పాల కేలండరు తీసుకొచ్చి వెనక వైపు గీతలు కొట్టింది.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. సెలూన్ వాళ్లు వాడే సగం బ్లేడు కత్తి 150 రూపాయలకి దొరుకుతుంది. రెండు రూపాయల బ్లేడుని మధ్యకి విరిచి తొడిగితే సరి. సాన అక్కర్లేదు, తోలు పట్టా అక్కర్లేదు. ముందు దాంతో చెయ్యి తిప్పుకుని, సరదా నిలబడితే అప్పుడు అసలు కత్తి కొనుక్కోవచ్చు. బుద్ధున్నవాళ్లు చేసే పని అది. నేను పొదుపు విషయంలో రాజీ పడే మనిషిని కాదు.

కాబట్టి చైనా కత్తి 1,400. సాన రాళ్లు రెండు, 1,900. తోలు పట్టా 750. బ్రష్షు 250. సబ్బు 180. పటిక 10. నురగ కలుపుకోవడానికి, శ్రీకాకుళం జిల్లా బుడితిలో చేసిన ఇత్తడి గిన్నె 900. ప్లాస్టిక్ మగ్గు చాలదా అంది మా ఆవిడ. పొదుపు ఒక సంస్కృతి అనీ, సంస్కృతి ప్లాస్టిక్ మగ్గులో ఇమడదనీ చెప్పాను. మొత్తం 5,390. మొదటి ఏడాదిలోనే మిగులు 850. కేలండరు మీద ఆ అంకె చుట్టూ నేనే సున్నా చుట్టాను. అది నాలుగు రోజులు ఉంది.

చవక కత్తి పెట్టెలోంచి తీయగానే గడ్డం గీయదు. ఉత్తరాలు చింపుతుంది, నిమ్మకాయ కోస్తుంది, గడ్డం దగ్గరకొచ్చేసరికి మొహమాటపడుతుంది. అందుకే రాళ్లు. నంబరు పెరిగే కొద్దీ రాయి నునుపు. వెయ్యి నంబరు రాయి మీద పదును పుట్టాలి, నాలుగు వేలు, ఎనిమిది వేల మీద అది నునుపు దేలాలి, పన్నెండు వేల మీద మెరుగు రావాలి. కోణం కోసం కొలబద్ద పని లేదు. కత్తి వెన్నూ అంచూ రెండూ ఒకేసారి రాయికి ఆనిస్తే చాలు, వెన్ను మందమే కోణాన్ని చూసుకుంటుంది. చూశారా, ఎంత తేలికో! ఈ తేలిక పని నేను మూడు సాయంత్రాలు చేశాను. నీళ్లు మోకాళ్ల మీద కారుతుంటే, వరండాలో పీట వేసుకుని, ఊపిరి బిగబట్టి. మా అత్తగారు ఆ మూడు సాయంత్రాలూ టీవీ కట్టేసి నన్నే చూశారు.

తర్వాత తోలు పట్టా. రాయి మీద అంచు ముందు నడుస్తుంది, తోలు మీద వెన్ను ముందు నడవాలి. కొసకి వెళ్లాక కత్తిని వెన్ను మీద దొర్లించి తిప్పాలి. అంచు మీద దొర్లిస్తే ఏమవుతుందో ఎక్కడా రాయరు. నేను రాస్తాను. పట్టా తెగుతుంది. మూడో తిప్పులోనే అడ్డంగా, వంకాయ కోసినట్టు తెగింది. కొత్త పట్టా, మళ్లీ 750. మిగులు 100. ఇంతకీ నా రెండు రాళ్లూ ఎనిమిది వేలతో ఆగిపోయాయి కాబట్టి పన్నెండు వేల రాయి 1,800. ఇక మిగులు అనే మాట మా ఇంట్లో వినపడలేదు. "మూడు కాసుల ముసలమ్మకి ఆరు కాసుల క్షవరం" అన్నారు అత్తగారు, ఎవరినీ చూడకుండా.

గీసుకోవడం గురించి ఎక్కువ చెప్పను, గాయాలు ఇంకా పచ్చిగా ఉన్నాయి. వేణ్నీళ్లతో మొహం తడిపి, నురగ బాగా పట్టించి, ఎడం చేత్తో చర్మం బిగదీసి, ముప్ఫై డిగ్రీల వాలులో కత్తి ఆనించి, వెంట్రుక వాలిన దిక్కుకే లాగాలి. ఆ దిక్కు బుగ్గ మీద ఒకలా, గొంతు మీద ఇంకోలా ఉంటుంది. నా మెడ దగ్గర అది గంటస్తంభం సెంటర్లో సాయంత్రం ట్రాఫిక్‌లా ఉంది. కత్తి లాగాను. వెంట్రుక తెగలేదు, లేచి కూర్చుంది. ఇంకొంచెం వాలు పెంచాను. ఈసారి తెగింది, వెంట్రుక మాత్రం కాదు. పటిక తడిపి అద్దితే నెత్తురు ఆగింది గానీ, నేను చేసిన చప్పుడికి కింద వాటా వాళ్లు పైకి వచ్చారు. ఆఫీసులో పక్క సీటాయన "పిల్లిని పెంచుతున్నారా?" అని అడిగారు.

ఆ సాయంత్రమే కత్తి జేబులో పెట్టుకుని మా సెలూన్ బాబాయ్ దగ్గరికి వెళ్లాను. నెల్లాళ్లుగా అటు తొంగి చూడని మొహం. ఆయన కత్తి అందుకుని, ముంజేతి మీద ఒకసారి ఆనించి చూసి, "ఇది గడ్డం గియ్యదు బాబూ, బతిమాలతాది" అన్నాడు. అడుగున ఉన్న చెక్కపెట్టె లాగి, నడుం అరిగిపోయిన నల్లరాయి తీశాడు. నాలుగు చుక్కల నీళ్లు. మనిషి నాతో మాట్లాడుతూనే ఉన్నాడు, చెయ్యి మాత్రం దాని దారిన అది పోతోంది. పావుగంట. తర్వాత పట్టా కూడా లేదు, అరచేతి మీదే అటూ ఇటూ నాలుగుసార్లు.

"ఈ కత్తి మానేసి శానా ఏళ్లయింది బాబూ. ఎయిడ్స్ గోల వచ్చినకాడ్నుంచి సగం బ్లేడే. మనిషికో బ్లేడు" అంటూ నా కుడి బుగ్గ అయిదు నిమిషాల్లో ముగించాడు. ఎండుటాకు నలిగినట్టు చిన్న చప్పుడు, అంతే. సానకి డబ్బు తీసుకోలేదు. గడ్డానికి 60 తీసుకున్నాడు. రాళ్లు ఎంతయ్యాయని అడిగాడు. చెప్పాను. కుర్చీ వెనకాల బెంచీ మీద కూర్చున్న ముగ్గురూ పేపర్లు కిందికి దించారు.

అయినా సరంజామా కొన్నవాడికి ఆట కూడా వచ్చి తీరాలని ఎవరన్నారు? మా విజయనగరం రాజకుటుంబానికి చెందిన విజ్జీ 1936లో మన క్రికెట్ జట్టుకి కెప్టెన్‌గా ఇంగ్లండు వెళ్లి, మూడు టెస్టుల్లోనూ కలిపి 33 పరుగులు చేశారు. అదే పర్యటనలో ఆయనకి సర్ బిరుదు వచ్చింది. ఆ కొలతతో చూస్తే నా ఎడమ బుగ్గ పరిస్థితి మెరుగ్గానే ఉంది.

ఈమధ్య ఇంకో సంగతి తెలిసింది. గీశాక కత్తి పొడిగా తుడిచి చుక్క నూనె రాయకపోతే మన ఉప్పుగాలికి తుప్పు పడుతుంది. ఇది తుప్పు పట్టాక తెలిసింది. మా ఆవిడ కుట్టు మిషను నూనె ఇచ్చింది, కేలండరు మీద రాసుకుని.

ప్రస్తుతం ఎడమ బుగ్గ సొంతంగా చేసుకుంటున్నాను. మిగతాది బాబాయ్ చూసుకుంటాడు. సగం మొహమే కదా అంటే వినడు, 60 రూపాయలే. నా అంచనా ప్రకారం వినాయక చవితికి కుడి బుగ్గ, దసరాకి గడ్డం కింద దాకా వస్తాను. దసరా వెళ్లాక వచ్చే మా ఊరి పైడితల్లమ్మ జాతర, సిరిమానుకి పూర్తి మొహం నేనే గీసుకుని వెళ్తానని ఇంట్లో అందరి ముందూ మాటిచ్చాను. సిరిమాను ఎప్పుడూ మంగళవారమే వస్తుందని, మంగళవారం మా ఇంట్లో గడ్డం గీయరని అత్తగారు గుర్తుచేశారు. ఆవిడకి నేను ఇంతగా రుణపడతానని ఏనాడూ అనుకోలేదు.