తోడేలుకు లోకజ్ఞానం తక్కువ

మా అనంతపురం తోడేలు గొర్రెల్ని తింటుందని నాకు కోపం లేదు. ఎవరి గొర్రెను తినాలో దానికి తెలియదనే నా బాధంతా. తాతముత్తాతల కాలం నుంచి ఈ గుట్టల్లోనే ఉంటూ, ఇప్పటికీ పోయిపోయి ఏ కురుబ ముసలాయన మందలోనో పడుతుంది. ఆధార్ కార్డులో పుట్టిన తేదీ కూడా సరిగ్గా లేని మనిషి జీవాలు తింటే దానికి పేరొస్తుందా, పేపర్లో ఫొటో వస్తుందా?

జర్మనీ తోడేలును చూసి నేర్చుకోవాలి. అక్కడ వందేళ్లకు పైగా తోడేలన్నదే లేకుండా చేశారు. 2000 ప్రాంతంలో అది పోలెండ్ వైపు నుంచి నడుచుకుంటూ మళ్లీ వచ్చి కాపురం పెట్టింది. గొర్రెల రైతులు గోల పెట్టారు, వేటగాళ్లు తుపాకులు తుడుచుకున్నారు, పట్నంలో ఉండి తోడేలు బొమ్మ టీషర్టు వేసుకునే వాళ్లు అడ్డం పడ్డారు. ఇరవై ఏళ్లు ఇదే రచ్చ. చివరికి 2022 సెప్టెంబరులో ఒక తెలివైన తోడేలు యూరోపియన్ కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా వాన్ డెర్ లేయన్ గారింటి పొట్టి గుర్రాన్ని చంపింది. ఆ గుర్రం పేరు డాలీ, వయసు 30 ఏళ్లు. డీఎన్‌ఏ పరీక్ష చేసి ఏ తోడేలు చేసిందో కూడా తేల్చారు. దాని నంబరు జీడబ్ల్యూ950ఎం. మరుసటి ఏడాది డిసెంబరులో తోడేలుకున్న రక్షణ తగ్గించాలని కమిషన్ ప్రతిపాదించింది. 2024 డిసెంబరులో, యూరప్ వన్యప్రాణుల రక్షణ కోసం కుదిరిన బెర్న్ ఒప్పందపు దేశాలు ఓటేసి దాన్ని ఒక మెట్టు కిందికి దించాయి కూడా. గుర్రం చావుకూ దీనికీ సంబంధం ఉందని నేననను. తారీకులు మాత్రం వరసగా చెప్పాను.

మన తోడేలు ఎక్కడికీ పోలేదు కాబట్టి తిరిగి వచ్చే ఘనత కూడా దానికి దక్కలేదు. తెల్లదొరల కాలంలో చంపి తెచ్చిన వాళ్లకు ఇనాము ఇచ్చేవాళ్లు. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక తోడేలు పులితో పాటు, అన్నిటికన్నా గట్టి రక్షణ ఉండే షెడ్యూల్ 1లో కూర్చుంది. కూర్చోవడం వరకే. పులికి 1973 నుంచి ప్రాజెక్టు ఉంది, నల్లమలలో వేల చదరపు కిలోమీటర్ల అభయారణ్యం ఉంది, ఏడాదికొక దినోత్సవం ఉంది. 2022 లెక్కలో దేశంలో పులులు 3,682 అని తేలింది. తోడేళ్లు 3,000కు అటూ ఇటూ ఉంటాయని అంచనా. అంటే పులికన్నా తోడేలే అరుదు. ఆ సంగతి తోడేలుకైనా తెలుసో లేదో.

అసలు మనమే దానికి అన్యాయం చేశాం. ప్రపంచమంతా గొర్రెలు కాసే పిల్లాడు 'తోడేలొచ్చింది' అని అబద్ధమాడితే, మన పిల్లాడు 'నాన్నా పులి' అన్నాడు. గొర్రెతోలు కప్పుకున్న తోడేలు మన దగ్గరికొచ్చేసరికి మేకవన్నె పులి అయింది. ఉన్న రెండు మంచి వేషాలూ పులే కొట్టేసింది. ఏట్లో నీళ్లు మురికి చేశావని గొర్రెపిల్ల మీద నేరం మోపే వేషం మాత్రం తోడేలుకు మిగిలింది. అది కూడా ఇప్పుడు ఆఫీసుల్లో వేరేవాళ్లు వేస్తున్నారు.

మొన్న ఉరవకొండ అవతల, గాలిమరల కింద ఒక పెద్దాయన మందను చూశాను. కోసేసిన బుడ్డల (వేరుశనగ) చేనులో రాత్రికి మంద నిలిపాడు. పెంటికల ఎరువు కోసం రైతు ఇంతని ఇస్తాడు. చుట్టూ వల, వల అవతల రెండు కుక్కలు, వెదురు గంప కింద మూసిన పిల్లలు. ఆయన మాత్రం కంబళి కప్పుకుని బయటే కూర్చున్నాడు.

"ఎన్ని పోయినాయి పెద్దాయనా?"

"మూడు సామీ. రెండు పిల్లలు, ఒక సూడి గొర్రె."

"ఆఫీసులో చెప్పినావా?"

"చెప్పినా. కళేబరం చూపించమన్నారు. అది ఎత్తకపోయె గదా, యాడ తెచ్చేది? ఊరకుక్కలే తినింటాయిలే పో అన్నారు."

ఆఫీసు వాళ్ల తప్పేమీ లేదు. సాక్ష్యం లేకుండా పరిహారం ఎలా ఇస్తారు? తప్పంతా తోడేలుదే. తిన్నది తిని, గొర్రె చెవికి కొట్టిన బీమా ట్యాగునైనా ఉమ్మేసి పోవాలి కదా. పైగా ఈయనది పెనుకొండ వైపు ఊరు. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడదీశాక ఆ ఊరు శ్రీ సత్యసాయి జిల్లాకు పోయింది. గొర్రె చచ్చింది అనంతపురం జిల్లాలో. తోడేలు పగలు పడుకునే గుట్ట ఏ జిల్లాదో తోడేలే చెప్పాలి. ఇలాంటి కేసులో ఏ అధికారి మాత్రం సంతకం పెడతాడు?

ఇక వేటగాళ్ల సంగతి. చట్టం ప్రకారం మన దగ్గర వేటగాళ్లు లేరు, పొలం కాపలావాళ్లే ఉన్నారు. వాళ్లు కాపలా కాస్తూ కాస్తూ కుందేళ్లకు ఉచ్చులు, పందులకు నాటు బాంబులు పెడతారు. అప్పుడప్పుడు ఒక జింక కూడా పొరపాటున కూరలో పడుతుంది. గుట్టలో తిండి లేక తోడేలు మంద మీదికొస్తే, ఊరిని కాపాడేందుకు ముందుకొచ్చేదీ వాళ్లే. ఆలూరు, పత్తికొండ వైపు జింకలు చేన్లు మేస్తున్నాయని రైతు తల పట్టుకుంటాడు. ఆ జింకను తినేది తోడేలు కాబట్టి రైతు లెక్కలో అది మంచిది. పక్క చేనులో మంద నిలిపిన కురుబ లెక్కలో చెడ్డది. తోడేలుకు ఓటుంటే ఈపాటికి ఊరు రెండు పార్టీలయ్యేది.

నేల విషయంలో మాత్రం ఎవరికీ గొడవ లేదు, ఎందుకంటే అది రికార్డులో బంజరు. గడ్డి ఉన్నా, గొర్రె మేసినా, తోడేలు పిల్లలు పెట్టినా బంజరే. గడ్డి మైదానాల్లో బతికే బట్టమేకపిట్ట కోసం 1988లో కర్నూలు వైపు రోళ్లపాడు దగ్గర 614 హెక్టార్లు కేటాయించారు. తోడేళ్లూ జింకలూ అందులోనే తలదాచుకుంటాయి. ఆ పిట్ట దర్శనం ఇప్పుడు దేవుడి దర్శనం కన్నా కష్టం. అదే కర్నూలు దగ్గర గని, శకునాల సోలార్ పార్కు 1,000 మెగావాట్లు, దాదాపు 6,000 ఎకరాలు. రోళ్లపాడు అభయారణ్యానికి నాలుగింతలకు దగ్గర. నేనేమీ శుద్ధపూసను కాను, ఇది రాస్తున్న ల్యాప్‌టాప్‌కూ కరెంటు కావాలి. కానీ కంచె వేస్తే ఎంత ప్రశాంతమో చూడండి. లోపల తోడేలూ ఉండదు, గొర్రే ఉండదు, కాబట్టి సంఘర్షణే ఉండదు.

ఈ మాటే పెద్దాయనతో అన్నాను. ఆయన గాలిమర మీద మిణుకుమిణుకుమనే ఎర్రదీపం వైపు చూశాడు.

"తోడేలొస్తే కేకేస్తే పోతాది. కంచెకు కేకేస్తే పోతాదా సామీ?"

పోనీ తోడేలును పట్టించమని అర్జీ రాసిస్తానన్నాను. ఆయన వినిపించుకోలేదు. టార్చి పట్టుకుని లేచి, గంప ఎత్తి, పిల్లల్ని వేలితో తాకుతూ లెక్కపెట్టాడు. ఒకటి తక్కువొచ్చింది.

"ఉండు సామీ, ఇంకోసారి లెక్కపెడతా. నువ్వు కాగితం గీగితం రాయొద్దు."