చి. హిస్టాలజీ మాడ్యూల్‌కు అనాటమీ ట్యూటరమ్మ దీవించి వ్రాయునది ఏమనగా

ఇక్కడ మేమంతా క్షేమం. డిపార్ట్‌మెంట్‌లో ఏసీ ఎప్పటిలాగే పనిచేయడం లేదు, ఫార్మలిన్ వాసన ఎప్పటిలాగే టిఫిన్ డబ్బాలోకి కూడా వస్తోంది, పదకొండో నంబరు మైక్రోస్కోప్‌కి బల్బు ఇంకా రాలేదు. నువ్వు మాత్రం, శరీరంలోని టిష్యూల్ని మైక్రోస్కోప్‌లో చూసి గుర్తుపట్టే చదువుకి పిల్లలు చేసిన ఫోన్ పాఠానివి కాబట్టి, గూగుల్ డ్రైవ్‌లో చల్లగా ఉన్నావని, నీ లింకు ఫస్టియర్ ఎంబీబీఎస్ వాట్సాప్ గ్రూపులో పిన్ చేసి ఉందని తెలిసి సంతోషించాను. ఇన్నేళ్ళ సర్వీసులో నన్ను ఎవరూ ఎక్కడా పిన్ చేయలేదు.

నీ మీద నాకు అసూయ లేదంటే నువ్వెలాగూ నమ్మవు కాబట్టి ఉందనే అనుకో. నీకు జీతం అక్కర్లేదు, క్యాజువల్ లీవ్ అక్కర్లేదు, పొద్దున్నే ఫోన్‌కి మొహం చూపించి, కళ్ళు ఆర్పి, అది నువ్వు కాదు పొమ్మంటే వెలుతురులోకి వెళ్ళి మళ్ళీ చూపించి హాజరు వేయించుకునే గొడవ లేదు. రాత్రి ఒంటిగంటకి లేపినా విసుక్కోకుండా చెబుతావు. పైగా నిన్ను డబుల్ స్పీడ్‌లో పెట్టుకోవచ్చు. నన్ను కూడా అలా పెట్టే వీలుంటే మా హెచ్‌ఓడీ గారు ఎప్పుడో పెట్టేసి ఉండేవారు.

నీ పుట్టుక నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఆ రోజుల్లో ల్యాబ్ తాళంచెవి నా దగ్గరే ఉండేది. ఫస్టియర్ గట్టెక్కిన నలుగురు పిల్లలు వచ్చి, ‘మేడమ్, మాకైతే హిస్టాలజీ ప్రాక్టికల్ అంటే రెండు గంటలు గులాబీ రంగు చూసి బయటికి రావడమే అయింది, జూనియర్లయినా ముందే చూసుకుని వచ్చేలా ఏదైనా చేస్తాం’ అన్నారు. తప్పేముంది? 150 సీట్ల కాలేజీలో ఎన్ని బ్యాచ్‌లుగా పంచినా ఒక్కో మైక్రోస్కోప్‌కి ఇద్దరు ముగ్గురు పడతారు. మొదట నా డెమో, చివర రికార్డులో బొమ్మలు, మధ్యలో మిగిలిన కాసేపట్లో ఒకడు ఐపీస్ మీద కన్ను పెడితే వెనకాలవాడు ‘ఇంకెంతసేపురా’ అని మోచేత్తో పొడుస్తుంటాడు. ముందే కాస్త తెలుసుకుని వస్తే ఆ కొద్ది నిమిషాలైనా చూడటానికే ఉంటాయి, ఏది ఏదో అడగడంలో పోవు. నువ్వు పుట్టింది అందుకే. అది మంచి పని కాదని నేనెప్పుడూ అనలేదు.

నా బాధ నీ తర్వాతి కథతోనే. నిన్ను తయారు చేస్తుండగా వాళ్ళని నేను చూశాను. మంచి కెమెరా లేదు. ఒకడు ఐపీస్ మీద ఫోన్ ఆనించి రెండు చేతులతో పట్టుకునేవాడు, నల్లటి తెర మధ్యలో ఒక వెలుగు చక్రం వచ్చి, వణికి, పక్కకి జారిపోయేది. ‘ఊపిరి బిగబట్టరా’ అని ఇంకొకడు. ఫోటోలో ఎక్కడో ఒక నల్ల చుక్క పడితే అది కణమా, పిగ్మెంటా, దుమ్మా అని పంచాయితీ. ఐపీస్ తిప్పి చూడండి, చుక్క కూడా తిరిగితే దుమ్ము ఐపీస్ మీదుంది, స్లయిడ్‌ని కదిపితే కదిలిందా అది స్లయిడ్‌లోదే అని చెప్పాను. ఏడాది పొడుగునా డెమోలో చెప్పిన మాటే అది, వినబడింది మాత్రం ఆ రోజు. కార్డియాక్ మజిల్‌దా (గుండె కండ) స్కెలెటల్ మజిల్‌దా (ఎముకల్ని కదిపే కండ) అని తేలని ఫోటో ఒకటుండేది. న్యూక్లియస్ నడిమధ్యలో ఉందని ఒకమ్మాయి, కాదు అంచునే ఉందని ఇంకో అబ్బాయి, చివరికి భోజనం మానేసి 40ఎక్స్ కింద కొమ్మలుగా చీలిన ఫైబర్లు వెతికి, వాటికి అడ్డంగా గుండె కండకి మాత్రమే ఉండే ఇంటర్‌కలేటెడ్ డిస్క్ అనే గీత ఒకటి కనిపించేదాకా ఇద్దరూ కదలలేదు. ఆ అబ్బాయిని ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెబుతాడు.

క్విజ్ సంగతి ఇంకా గొప్పది. సరైన జవాబు రాయడానికి టెక్స్ట్‌బుక్ తెరిస్తే సరిపోయింది. తప్పు జవాబులు మూడు రాయాలి చూడు, అక్కడ పడ్డారు. యురేటర్ (కిడ్నీ నుంచి మూత్రం దిగే గొట్టం) ఫోటో కింద ‘సెరిబెల్లమ్’ (చిన్న మెదడు) అని ఆప్షన్ పెడితే ఎల్‌కేజీ పిల్లాడు కూడా కొట్టేస్తాడు. జనం నిజంగా పొరబడే ఆప్షన్ కావాలంటే యురేటర్‌ని చూసి ఎవరైనా దేనితో పొరబడతారో తెలియాలి. వాస్ డిఫరెన్స్ (వీర్యకణాలు వెళ్ళే గొట్టం) అయితే కండ మరీ మందంగా, మధ్యలో రంధ్రం సన్నగా ఉంటుంది, ఫెలోపియన్ ట్యూబ్ అయితే లోపలి మడతలు చెట్టు కొమ్మల్లా విడిపోయి ఉంటాయి, యురేటర్ అయితే రంధ్రం నక్షత్రం ఆకారంలో కనిపించి లోపల ట్రాన్సిషనల్ ఎపిథీలియమ్ అనే సాగే పొర ఉంటుంది. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని గంటలు గంటలు చూస్తే గానీ ఒక్క ప్రశ్న తేలలేదు. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ చేసే పని అది, వాళ్ళు పందొమ్మిదేళ్ళకే చేశారు.

అంటే ఏం జరిగింది? హిస్టాలజీ వాళ్ళు నేర్చేసుకున్నారు. మిగిలిన పొట్టు జూనియర్లకి ఇచ్చారు. ఆ పొట్టువి నువ్వు.

కోపం తెచ్చుకోకు. నిన్న ల్యాబ్‌లో లివర్ స్లయిడ్ పెట్టాను. లోపలికి వస్తూనే ఒకడు ‘మేడమ్, మాడ్యూల్ చూసేశాం, లివరంటే హెక్సాగన్లే కదా’ అన్నాడు. సంతోషం, చూడమన్నాను. కాసేపటికి ల్యాబ్‌లో ప్రతి మైక్రోస్కోప్ దగ్గరా ఆరు మూలల ఆకారం కోసం వేట. దొరకదు. ఎందుకు దొరుకుతుంది? మన స్లయిడ్ మరీ వెలిసిపోయిందని ఆ ఒక్క ఫోటో మాత్రం నీ వాళ్ళు నెట్‌లోంచి తెచ్చి పెట్టారు, అది పంది లివర్. పందికి లివర్‌లోని ఒక్కో లోబ్యూల్ (చిన్న గడి) చుట్టూ కనెక్టివ్ టిష్యూ గట్టు కట్టినట్టు స్పష్టంగా ఉంటుంది, మనిషికి అలా ఉండదు, గడి మధ్యలో ఉండే సెంట్రల్ వెయిన్ పట్టుకుని, దూరంగా మూలల్లో ఉండే పోర్టల్ ట్రయాడ్లు (గొట్టాల గుంపులు) వెతుక్కుని, గట్లు మనమే మనసులో గీసుకోవాలి. ఆ మాట చెబితే వెనక బెంచీ నుంచి ‘మరి స్లయిడ్ తప్పేమో మేడమ్’ అని వినబడింది. స్లయిడ్ తప్పు! మనిషి లివరే నీకంటే వెనకబడిపోయిందన్నమాట.

ఇంకోటి. నీలో అన్నీ అడ్డకోతలే. ఇసోఫేగస్ గుండ్రం, ట్రకియా గుండ్రం, ఆర్టరీ గుండ్రం. వంటింట్లో దొండకాయ చక్రాలుగా కోస్తే ఒకలా ఉంటుంది, నిలువుగా చీలిస్తే ఒకలా, చెయ్యి జారి ఏటవాలుగా తెగితే మూడోలా, అయినా దొండకాయ దొండకాయేనని మన పిల్లలకి ఎవరూ చెప్పక్కర్లేదు. అదే అప్పెండిక్స్ ఏటవాలుగా తెగి కోడిగుడ్డు ఆకారంలో కనిపిస్తే ‘ఇది సిలబస్‌లో లేదు’ అంటున్నారు. సిలబస్ అన్నారు కాబట్టి చెబుతున్నా, 2019లో అమల్లోకి వచ్చిన కొత్త సిలబస్‌లో జనరల్ హిస్టాలజీ ఎ.ఎన్. (అనాటమీ) 65 నుంచి 72 వరకూ ఉంటుంది, అందులో మొట్టమొదటి వాక్యమే ఎపిథీలియమ్‌ని (అవయవాల్ని కప్పే కణాల పొరని) మైక్రోస్కోప్ కింద గుర్తించాలి అని. ఫోన్ కింద అని కాదు.

మన సొంత స్లయిడ్ల ఫోటోలు పెట్టిన చోట ఇంకో విచిత్రం. థైరాయిడ్ స్లయిడ్‌కి ఎడమ పక్కన, ఎప్పుడో సెక్షన్‌ని నీళ్ళ మీంచి ఎత్తుతుండగా పడిన మడత ఒకటుంది. నీలో ఆ ఫోటో చూసి చూసి పిల్లలకి ఆ మడత కంఠతా వచ్చేసింది. స్పాటర్స్‌లో, అంటే స్లయిడ్ చూసి పేరు చెప్పే పరీక్షలో, కొలాయిడ్ (గులాబీ ద్రవం) నిండిన ఫాలికిల్స్‌ని (గుండ్రటి సంచుల్ని) ఎవడూ చూడడు, మడత ఉందా, థైరాయిడ్, నెక్స్ట్! గుర్తించడానికి రెండు పాయింట్లు రాయమంటే ఫాలికిల్స్, కొలాయిడ్ అని బుద్ధిగా రాస్తారు. చూసింది మడత, రాసింది కొలాయిడ్, మార్కులు ఫుల్లు. మడత లేని కొత్త థైరాయిడ్ పెడితే ప్యాంక్రియాస్ అన్నవాళ్ళున్నారు.

నీ క్విజ్ జవాబులు సి, ఎ, డి, డి, బి అని గ్రూపులో తిరుగుతున్నాయి, ఆ సంగతి నీకు తెలుసో లేదో. ఎ కాకుండా డి ఎందుకైందని ఒక్కరూ అడగలేదు. కంప్లీట్ చేసినట్టు స్క్రీన్‌షాట్ పెడితే అటెండెన్స్ ఇస్తామని మేము ప్రకటించిన మర్నాటి నుంచి ఇది మొదలైంది, కాబట్టి ఇందులో పిల్లల్ని మాత్రమే తిట్టి లాభం లేదు. అంతకు ముందు నువ్వు ఎవరికి కావాలంటే వాళ్ళు చూసుకునేదానివి. ఇప్పుడు నీకో ఫైలు నంబరుంది. ఇన్‌స్పెక్షన్ వస్తోందంటే నిన్ను కలర్ ప్రింట్లు తీసి, స్పైరల్ బైండింగ్ చేయించి, ‘సెల్ఫ్ డైరెక్టెడ్ లెర్నింగ్’ అని అట్ట మీద రాసి బల్ల మీద పెడుతున్నాం. కాన్ఫరెన్స్‌లో నీ మీద పోస్టరు కూడా పడింది. పై వరసలో ప్రొఫెసర్ల పేర్లు, వాటి కింద అసోసియేట్లవి, వాటి కింద నాది, అన్నిటికంటే కింద చిన్న అక్షరాల్లో ‘విద్యార్థులకు కృతజ్ఞతలు’. ఫోన్ పట్టుకుని ఊపిరి బిగబట్టినవాడి పేరు ఏ వరసలోనూ లేదు.

నువ్వు బొత్తిగా పనికిరావని నేననడం లేదు. నిజానికి నీలో నేను చేయలేని పని ఒకటుంది. ఆ వాయిస్ ఓవర్! ‘ఇదిగో చూడండి, ఈ గులాబీ రంగులో అలల్లా ఉన్నదంతా కొలాజెన్, ఈ ఊదా చుక్కలు న్యూక్లియస్‌లు, ఊదా ఎక్కడ ఎక్కువుంటే అక్కడ కణాలు ఒత్తుగా ఉన్నట్టు, ఇంతే రా, భయపడకండి’ అని అచ్చ తెలుగులో ఒక అన్న చెబుతుంటాడు, వెనకాల హాస్టల్ ఫ్యాన్ కిర్రుకిర్రుమంటుంటుంది. ఇంటర్ దాకా తెలుగులో ఆలోచించి, ఇక్కడికొచ్చి ‘సూడోస్ట్రాటిఫైడ్ సీలియేటెడ్ కాలమ్నార్’ వినగానే బిగుసుకుపోయే పిల్లలకి ఆ గొంతు ఎంత ధైర్యమో నాకు తెలుసు. నేను అదే మాట మైకులో చెబితే డెమో, ఆ అన్న చెబితే సాయం. ఆ ఒక్కదాన్నీ నీలోంచి ఎవరు తీసేస్తామన్నా ఒప్పుకోను.

అయితే ఆ అన్నకి కూడా తెలియని సంగతి ఒకటుంది, స్లయిడ్ కూడా పూర్తిగా నిజం చెప్పదు. సబ్‌మాండిబ్యులార్ గ్లాండ్‌లో (దవడ కింది లాలాజల గ్రంథిలో) మ్యూకస్ ఎసినై (జిగురు తయారుచేసే కణాల గుత్తులు) మీద టోపీ పెట్టినట్టుండే సీరస్ డెమిల్యూన్లని (పల్చటి ద్రవం తయారుచేసే కణాల అర్ధచంద్రాల్ని) నువ్వు ఎర్ర చక్రం చుట్టి మరీ చూపిస్తావు. మామూలు ఫిక్సేషన్‌లో (పాడవకుండా మందులో ఉంచినప్పుడు) మ్యూకస్ కణాలు ఉబ్బి పక్కనున్న సీరస్ కణాల్ని వెనక్కి నెట్టేయడం వల్ల వచ్చిన ఆకారం అది, చాలా వేగంగా గడ్డకట్టించి చూసినప్పుడు అవి అన్నిటితో సమానంగా ఒకే వరసలో కనిపించాయి. అంటే బతికున్న గ్లాండ్ ఒకటి, స్లయిడ్ ఒకటి, దాని ఫోటో ఒకటి, నీలో చేరిన ఫోటో ఇంకొకటి, దాన్ని చూసి రికార్డులో గులాబీ పెన్సిలుతో వేసిన బొమ్మ మరొకటి. ఇన్ని చేతులు మారాక చివరి బొమ్మకి నేను ‘గుడ్’ అని రాసి సంతకం పెడుతున్నాను.

చరిత్రలో నీకు అండగా నిలిచే పెద్దమనిషి ఒకడున్నాడులే, ఫ్రెంచ్ డాక్టరు జేవియర్ బిషా. హిస్టాలజీకి తండ్రి అంటారు, మైక్రోస్కోప్ మీద ఆయనకి నమ్మకమే లేదు, అది లేకుండానే శరీరంలో 21 రకాల టిష్యూలు ఉన్నాయని తేల్చి, 1802లో ముప్పై ఏళ్ళకే పోయాడు. కాబట్టి మైక్రోస్కోప్ ముట్టకుండా హిస్టాలజీ నేర్చుకోవచ్చని నువ్వు వాదించుకోవచ్చు. కాకపోతే ఆయన శవాలు కోశాడు, ఉడకబెట్టాడు, యాసిడ్‌లో వేశాడు. స్క్రీన్‌షాట్ తీయలేదు. ఇంకో జోడీ ఉంది, నాడీకణాల మీద పనిచేసిన గోల్జీ, కహాల్. గోల్జీ కనిపెట్టిన వెండి స్టెయిన్‌తోనే (కణాలకి రంగు పట్టించే పద్ధతి) చూసి కహాల్ ‘నాడీకణాలు దేనికవే విడివిడి’ అన్నాడు, గోల్జీ ‘కాదు, అంతా కలిసిపోయిన ఒకటే వల’ అన్నాడు, 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇస్తే గోల్జీ ఆ వేదిక మీద కూడా తగ్గలేదు. ఒకే స్టెయిన్ చూసి అంత పెద్దవాళ్ళు అంత గొడవ పడ్డారు. మన ల్యాబ్‌లో 75 మంది కూర్చుంటే ఒక్క గొడవ లేదు. నీ ఫోటోలో బాణం ఎక్కడుంటే జవాబు అక్కడుంది.

అందుకని హెచ్‌ఓడీ గారికి ఒక అర్జీ పెట్టాను, నీకు ముందే తెలియడం మర్యాదని రాస్తున్నా. వచ్చే బ్యాచ్‌కి నీలో ఫోటోలు ఉంటాయి, అన్న గొంతు ఉంటుంది, బాణాలు ఉండవు. అవి పిల్లలే పెట్టుకుని రావాలి, ల్యాబ్‌లో స్లయిడ్ చూశాక మార్చుకోవాలి. క్విజ్ మొత్తం తీసేస్తున్నాం, ఒక్కో గుంపు ఒక్కో ప్రశ్న తయారు చేసి తేవాలి, సరైన జవాబుకి అర మార్కు, నమ్మబలికే తప్పు జవాబు ఒక్కోదానికి ఒక మార్కు. అందమైన ఫోటోలతో పాటు వెలిసిపోయినవీ, మడతపడినవీ, ఏటవాలుగా తెగినవీ చేర్చాలి. పంది లివర్ ఉంటుంది, పక్కనే మనిషి లివర్ కూడా ఉంటుంది. స్క్రీన్‌షాట్‌కి అటెండెన్స్ రద్దు. అర్జీ మీద ఇంకా సంతకం కాలేదు, ఇన్‌స్పెక్షన్ అయ్యాక చూద్దాం అన్నారు, స్పైరల్ బైండింగ్ చేయించేశారట.

ఉంటాను మరి. మధ్యాహ్నం రెండింటికి స్ప్లీన్ స్లయిడ్, పదకొండో నంబరుకి బల్బు ఎక్కడైనా అడిగి తేవాలి.

ఇట్లు,
నీ పురిటికి తాళం తీసిన
అనాటమీ ట్యూటరమ్మ

తా.క.: నీలో ఒక బాణం మొదటి నుంచీ తప్పు చోట ఉంది. ఏ ఫోటోలోనో చెప్పను. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు, రికార్డుల్లో మాత్రం అందరూ అలాగే వేశారు.