ఒక్క కీ పలక్కపోతే కీబోర్డు మొత్తం డెడ్ అంట!

మధ్యాహ్నం మండుటెండలో కంప్యూటర్ కీబోర్డు చంకన పెట్టుకుని గవర్నరుపేటలో ఓ రిపేర్ షాపుకి వెళ్లాను. అలాగే చంకన పెట్టుకుని తిరిగొచ్చాను. ఇప్పుడు రాత్రి పది దాటింది, బీపీ ఇంకా దిగలేదు. కాబట్టి పోస్టు పొడుగ్గానే ఉంటుంది, ఓపిక లేనివాళ్లు ఇప్పుడే తప్పుకోండి.

నాది పాత టీవీఎస్ గోల్డ్. విజయవాడలో డీటీపీ (కంప్యూటర్లో అచ్చుకి పేజీలు కూర్చే పని) చేసినవాళ్లకి దీని గురించి చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. లోపల చెర్రీ కంపెనీ నీలం స్విచ్చులు, చివర యూఎస్‌బీకి ముందు కాలపు ఊదారంగు గుండ్రటి పీఎస్/2 పిన్ను, కొడితే వీధి చివరికి వినపడే టకటక. దీంట్లో డి కీ ఒక్కటి పలకడం మానేసింది. మిగతావన్నీ భేషుగ్గా ఉన్నాయి.

ఒక్క కీయే కదా అనకండి. నేను కొట్టేది ఇన్‌స్క్రిప్ట్. 1991లో భారత ప్రమాణాల సంస్థ ఖాయం చేసిన లేఅవుట్, అంటే ఏ కీకి ఏ అక్షరమో చెప్పే అమరిక. అందులో డి అంటే పొల్లు. పొల్లు లేకపోతే వత్తు లేదు. వత్తు లేకపోతే తెలుగులో ఏం మిగులుతుంది, నా తలకాయ? పైగా షిఫ్ట్‌తో అదే కీ నొక్కితే 'అ' వస్తుంది, అదీ పాయె. చేతిలో ఉన్నదేమో పెళ్లి కార్డు. పైన వేయాల్సింది 'శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు'. తెర మీద పడింది ఏమిటో తెలుసా? 'శరీరసతు శుభమసతు విఘనమసతు'. ఆడపిల్ల పెళ్లికి విఘ్నాలు కలుగుగాక అని బంగారు రంగులో అచ్చేసి పంచమంటారా?

సరే, ఆ షాపు కుర్రాడి సంగతికి వద్దాం. ఆన్‌లో ఉన్న సిస్టమ్‌కి వెనకనుంచి నా పిన్ను కసక్కున గుచ్చాడు. నాలుగు కీలు నొక్కాడు. ఏదీ పలకలేదు. "మొత్తం డెడ్ మేడమ్" అన్నాడు. అయ్యా, అది యూఎస్‌బీ కాదు. పీఎస్/2ని సిస్టమ్ నడుస్తుండగా గుచ్చితే మామూలుగా పట్టుకోదు, ఒక్కోసారి పోర్టే పోతుంది. ఆపి, పెట్టి, మళ్లీ ఆన్ చెయ్యి బాబూ అన్నాను. నవ్వాడు! "అవన్నీ అయిపోయాయి మేడమ్, ఇది మ్యూజియం పీసు, స్పేర్లు రావు, మా దగ్గర వైర్‌లెస్ కాంబో ఉంది, మౌస్ ఫ్రీ" అని డబ్బా బయటికి తీశాడు. రోగి నాడి పట్టుకోకుండానే పాడె కట్టేవాణ్ణి డాక్టరంటారా ఎవరైనా?

నేను కదలకపోయేసరికి, ఏదో చేసినట్టు కనపడాలిగా, డి క్యాపు కింద స్క్రూడ్రైవర్ దూర్చాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. పక్కకి పెకలిస్తే లోపలి కాడ విరుగుతుంది, అప్పుడు నిజంగానే చస్తుంది. తీగని రెండు కొక్కేల్లా వంచి, రెండు పక్కలా తగిలించి, నిటారుగా పైకి లాగాలి. ఇంతలో పక్క కౌంటర్ పెద్దాయన "డబ్ల్యూడీ-40 కొట్టరా" అని సలహా! అది తుప్పు పట్టిన బోల్టులకండీ. స్విచ్చులో కొడితే జిడ్డు మిగిలి, దుమ్మంతా అక్కడే కాపురం పెడుతుంది. కాంటాక్ట్ క్లీనర్ అని వేరే ఉంటుంది. రిపేర్ షాపులో ఆ డబ్బా లేదు, గొరిల్లా గ్లాసులు మాత్రం గోడనిండా ఉన్నాయి.

ఇంటికొచ్చి నేనే చూశాను. మంత్రం కాదు, మామూలు తర్కం. కీబోర్డు లోపల కీలన్నీ కరెంటు నడిచే అడ్డగీతలు, నిలువుగీతలు కలిసే చోట్ల ఉంటాయి. గీత తెగితే ఒక వరసంతా గుంపుగా పోతుంది. ఒక్కటే పోయిందంటే దోషం ఆ ఒక్క స్విచ్చులోనో, దాని టంకంలోనో, దాని పక్కనే బోర్డు మీదో ఉండాలి. వెనక మూత విప్పాను. సిస్టమ్ ఆఫ్ చేసి, పిన్ను పెట్టి, ఆన్ చేసి (విన్నావా బాబూ?), బోర్డు వెనక డి స్విచ్చు రెండు కాళ్లనీ కనుబొమలు సవరించుకునే ప్లక్కర్‌తో కలిపాను. అయిదు వోల్టులే, షాకేం కొట్టదు. తెర మీద టక్కున పొల్లు పడింది. అంటే బోర్డు బంగారం, పోయింది స్విచ్చు లోపలి కాంటాక్టే. ఇది తేలడానికి పట్టిన సమయం, ఆ కుర్రాడు కాంబో డబ్బా మీద దుమ్ము తుడవడానికి పట్టిన సమయం కన్నా తక్కువ.

స్పేర్లు రావట. కీబోర్డులోనే ఉంది కదయ్యా స్పేరు! స్క్రోల్ లాక్ అని పై వరసలో ఓ మహానుభావుడు ఉంటాడు. జీతం తీసుకుంటూ ఏ పనీ చెయ్యని ఆఫీసరు. ఇన్నేళ్లలో ఆయన్ని నొక్కిన పాపాన నేను పోలేదు. లోపల అదే నీలం స్విచ్చు, కొత్త పెళ్లికూతురిలా ఉంది. పంపుతో పాత సీసం లాగి, రెండు స్విచ్చులూ ఊడదీసి, ఆయన్ని డి కుర్చీలో కూర్చోబెట్టి టంకం వేశాను. ఇప్పుడు 'అవిఘ్నమస్తు' శుభ్రంగా వస్తోంది. స్క్రోల్ లాక్ చచ్చింది. ఏ పెళ్లీ ఆగదు.

ఇది ఇంట్లో చెబితే మా మేనల్లుడు, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్, ఫోన్లో ఏమన్నాడో తెలుసా? "అత్తా, నువ్వు హాట్‌స్వాప్ బోర్డు తీసుకోవాల్సింది, టంకం లేకుండా లాగేసి పెట్టుకోవచ్చు." ఓహో! మూడేళ్ల కిందట సంక్రాంతికి వచ్చి, "అత్తా ఆ ముసలి కీబోర్డు చప్పుడుకి నిద్ర పట్టట్లేదు" అన్న పెద్దమనిషే ఇతను. ఇప్పుడు వేలకు వేలు పోసి మెకానికల్ కీబోర్డు కొని, దాని శబ్దం రికార్డు చేసి స్టేటస్ పెడుతున్నాడు. అతని గదిలో అయితే సంగీతం, నా టేబుల్ మీద అయితే గోల. సాఫ్ట్‌వేర్ వాడు టకటకలాడిస్తే హాబీ. డీటీపీ ఆవిడ టకటకలాడిస్తే 'జస్ట్ టైపింగ్'.

ఇదిగో, అసలు మంట ఇక్కడుంది. కుర్రాడిది కాదు. 'జస్ట్ టైపింగే కదండీ' అనే మాటది. ఎవరో మహాకవి చేతిరాతతో కోడి కెలికినట్టున్న కాగితాలు ఇస్తాడు. 'శ' ఏదో 'ష' ఏదో ఆయనకే తెలీదు. మేం సరిచేసి కొడితే ఆ భాషాజ్ఞానం ఆయనది. ఎక్కడో ఒక్క వత్తు జారితే మాత్రం ముందుమాటలో 'ముద్రారాక్షసాలకు చింతిస్తున్నాం' అని వేస్తారు. ఎవరా రాక్షసి? నేనే! పుస్తకంలో ప్రూఫులు దిద్దినాయనకి కృతజ్ఞతలు, బొమ్మ వేసినాయనకి కృతజ్ఞతలు, కాఫీలిచ్చిన భార్యకి కూడా కృతజ్ఞతలు. కొట్టినావిడకి రాక్షస బిరుదు. పేజీకి ఇంత అని చెబితే, "అమ్మో, ఇప్పుడు ఫోన్లో మాట్లాడితే అదే టైపైపోతోందటగా" అని బేరం. మాట్లాడుకోండి మరి. 'అవిఘ్నమస్తు' అని ఆ ఫోన్‌కి చెప్పి, అది కొట్టింది చూసి, అలాగే కార్డు మీద వేయించుకోండి. నాకేం?

ఆగండి, ఫోన్ మోగుతోంది. పెళ్లి కార్డు పార్టీ. ముహూర్తం మారిందట, పెళ్లికొడుకు తాతగారి పేరు ముందు 'కీర్తిశేషులు' తీసేయాలట (ఆయన బతికే ఉన్నారని ఇప్పుడు గుర్తొచ్చింది), భోజనాల వరస మార్చాలట, తెల్లారేసరికి కావాలట. డబ్బులు అడిగితే "చిన్న మార్పే కదండీ" అట.