మహారాజశ్రీ నల్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

నల్గొండ నుంచి మీ బాధితుడొకడు నమస్కరించి వ్రాయునది. ప్రోగ్రాముల్లో 'ఇక్కడ విలువ ఏదీ లేదు' అని చెప్పే null తమరే కదా. మా ఊరి పేరు నల్లకొండ నుంచి వచ్చిందే తప్ప, దానికి మీతో ఏ చుట్టరికమూ లేదని ముందుగా మనవి చేసుకుంటున్నాను.

మా క్లాక్‌టవర్ దగ్గర చాయ్ బండి ముందు ఏమీ చెప్పకుండా నిలబడితే చక్కెర వేసిన చాయే చేతికి వస్తుంది. సర్వర్లు, డేటాబేస్‌ల వంటివాటిని కోడ్ రాసి ఏర్పాటు చేసే టెర్రాఫామ్ అనే సాధనంలో దానినే డీఫాల్ట్ అంటారు. మాడ్యూల్‌ను, అంటే మళ్లీ మళ్లీ వాడుకునే కోడ్ మూటను, పిలిచేవాడు నోరు విప్పకపోతే, దాన్ని రాసినవాడు వేరియబుల్‌కు (బయటి నుంచి విలువ అందుకునే పేరుకు) పెట్టిన డీఫాల్ట్ వర్తిస్తుంది. పేచీ అంతా తమరు అడుగుపెట్టినప్పుడే మొదలవుతుంది. రిసోర్స్‌కు, అంటే అసలు తయారయ్యే డేటాబేస్ లాంటి వస్తువుకు, ఇచ్చే ఆర్గ్యుమెంటుగా మిమ్మల్ని పంపితే, అసలు రానే లేదన్నట్టు ఒదిగిపోతారు. అదే మాడ్యూల్ వేరియబుల్‌కు పంపితే, డీఫాల్ట్‌ను లేపి దాని కుర్చీలో కూర్చుంటారు.

నా డేటాబేస్ మాడ్యూల్‌లో బ్యాకప్‌లు ఉంచవలసిన రోజులకు డీఫాల్ట్ 7 అని రాసుకున్నాను. తరువాత దాని చుట్టూ మరో మాడ్యూల్ కట్టి, ఐచ్ఛికమే కదా అనుకుని, పై వేరియబుల్‌కు మిమ్మల్నే డీఫాల్ట్‌గా పెట్టి కిందికి యథాతథంగా అందించాను. మీరు లోపలి గుమ్మం దగ్గర పెద్దమనిషిలా నా 7ను పక్కకు నెట్టి, రిసోర్స్ గుమ్మానికి రాగానే మాయమయ్యారు. అక్కడ ప్రొవైడర్ (క్లౌడ్ కంపెనీతో టెర్రాఫామ్‌ను మాట్లాడించే ప్లగిన్) సొంత డీఫాల్ట్ సున్నా, అంటే బ్యాకప్పే లేదు. ఏమేమి మారుతుందో ముందే చూపే ప్లాన్ పచ్చగా వచ్చింది, ఆ మార్పులు చేసే అప్లై సాఫీగా సాగింది, ఎర్ర గీత ఒక్కటీ పడలేదు. నిన్నటి ప్రతి కావాలని ఒకరు అడిగిన నాడు గానీ సంగతి తెలియలేదు. (రాసింది నేనే, కాబట్టి నేరంలో సగం నాది; మిగతా సగం మాత్రం వదులుకోను.)

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో లింగం వెనుక పగలంతా ఒక నీడ నిలిచి ఉంటుంది, అది ఏ స్తంభానిదో చప్పున పోల్చుకోలేము. ఆ నీడను చూడటానికి జనం పనిగట్టుకుని వస్తారు. మీ నీడను చూడాలంటే టెర్రాఫామ్ తాను కట్టినవి రాసిపెట్టుకునే స్టేట్ ఫైలు తెరచి వెతుక్కోవాలి.

ఇక మీ మూడో అవతారం. 2022లో వచ్చిన 1.3 వెర్షన్ నుంచి ఆబ్జెక్ట్ (కొన్ని విలువల కట్ట) లోపలి లక్షణానికి ఆప్షనల్ అని రాసి, పక్కనే 7 పెడితే, మీరు వచ్చినా ఆ 7 చెక్కుచెదరదు. ఒకే భాషలో ఒకే మనిషికి ఇన్ని మర్యాదలేమిటో! ఇచ్చిన విలువల్లో పనికొచ్చే మొదటిదాన్ని ఎంచే కోయలెస్ ఫంక్షన్ సాయం తీసుకుందామంటే అది మీతోపాటు ఖాళీ స్ట్రింగ్‌ను కూడా లెక్కలోంచి తీసేస్తుంది, కావాలనే ఖాళీ పంపినవాడి మాట అక్కడ చెల్లదు.

2021లోనే 1.1 వెర్షన్ మీకొక గొళ్లెం తయారుచేసింది: వేరియబుల్‌లో నల్లబుల్‌కు (నల్ రావచ్చా అన్నదానికి) ఫాల్స్ (కూడదు) అని ఒక్క వరుస రాస్తే, మీరు వచ్చినా డీఫాల్టే కూర్చుంటుంది. ఆ వరుస రాయకపోతే తలుపు తెరిచి ఉన్నట్టేనన్నది మాత్రం నాకు మింగుడుపడలేదు. నిన్న రాత్రి నా లోపలి మాడ్యూల్‌లో డీఫాల్ట్ ఉన్న ప్రతి వేరియబుల్‌కూ ఆ గొళ్లెం బిగించాను. ప్రొవైడర్ ఇష్టానికే వదలదలచిన రెండు చోట్ల మాత్రం మీకు పీట వేసే ఉంచాను, తప్పక దయచేయగలరు.

ఇట్లు,
7 రోజులు అడిగి సున్నా అందుకున్నవాడు,
నల్గొండ.