పంచె కట్టిన వెంబు సరే, అంతకుముందు 23 ఏళ్ళ వెంబు ఎక్కడ?

గాజువాక ఆటోనగర్‌లో నాకో ఫ్రెండ్ ఉన్నాడు, పంపుల స్పేర్ పార్టుల షాపు వాడిది. మొన్న సాయంత్రం వాడి దగ్గర కూర్చుంటే ఎవరో పార్టీకి బిల్లు వేస్తున్నాడు, అదీ ఫోన్లోనే. పార్టీ పేరు కొట్టాడు, రెండు సీళ్ళు, ఒక బేరింగు ఎక్కించాడు, జీఎస్టీ దానంతటదే పడిపోయింది, బిల్లు వాట్సాప్‌లో వెళ్ళిపోయింది, నా చేతిలో టీ ఇంకా వేడిగానే ఉంది. ఏం యాప్‌రా ఇది అంటే జోహో అన్నాడు. డబ్బులు కూడా కట్టక్కర్లేదంట. ఎవరిదో తెలుసా అంటే "ఏదో అమెరికావోళ్ళది కదేటి" అన్నాడు.

వాడికి తెలీదు గానీ వైజాగ్‌లో ఇప్పుడు స్టార్టప్ అనే మాట వినిపించే ప్రతి చోటా ఈ జోహో అనే చెన్నై కంపెనీని పెట్టినవాళ్ళలో ఒకడైన శ్రీధర్ వెంబు పేరు వస్తోంది. కాలేజీ సెమినార్లలో, రుషికొండ ఐటీ హిల్స్ దగ్గర టీ బంకుల్లో, ఎక్కడ చూసినా అదే కథ: అమెరికాలో ప్రిన్స్‌టన్‌లో పీహెచ్‌డీ చేసినాయన, కోట్లు సంపాదించి, పంచె కట్టుకుని, తమిళనాడులో తెన్‌కాశి పక్కన మత్తళంపారై అనే ఊళ్ళో సైకిల్ తొక్కుతున్నాడు, అక్కడి నుంచే కంపెనీ నడిపాడు. అక్కడితో చప్పట్లు. ఆ వెంటనే ఎవరో ఒకరు లేచి మన అరకులో, మన భీమిలిలో కూడా అలాగే చేసేద్దాం అంటారు.

నాకు ఆయన మీద గౌరవమే, అందుకే ఈ కథ చెప్పే పద్ధతి మీద చిరాకు. ఎందుకంటే ఆయన ఆ ఊరికి వెళ్ళింది 2019లో. కంపెనీ పుట్టింది 1996లో. మధ్యలో 23 ఏళ్ళున్నాయి, ఆ 23 ఏళ్ళూ ఏం చేశాడో ఎవడూ చెప్పడు, ఎందుకంటే అందులో ఫొటోకి పనికొచ్చేది ఏమీ లేదు.

ఆ సంగతి చూద్దాం. 1989లో మద్రాస్ ఐఐటీలో ఇంజనీరింగ్, 1994లో పీహెచ్‌డీ, తర్వాత శాన్ డీగోలో క్వాల్‌కామ్‌లో ఉద్యోగం. రెండేళ్ళకి మానేశాడు. అప్పటికి కంపెనీ పేరు అడ్వెంట్‌నెట్, మొదలుపెట్టింది ఈయనొక్కడే కాదు, టోనీ థామస్ అనే ఆయన, వెంబు అన్నదమ్ములు కలిసి పెట్టారు. మొదటి సీఈఓ కూడా వెంబు కాదు, టోనీ థామస్. వెంబు 2000లో ఆ కుర్చీలోకి వచ్చాడు, అంతకుముందు అమెరికాలో సరుకు అమ్మే పని చూసుకున్నాడు. కంపెనీలో పెద్ద వాటా ఉన్నది కూడా ఆయనకి కాదు, చెల్లెలు రాధా వెంబుకి, జోహో మెయిల్ నడిపించింది ఆవిడే. ఒక్క మగాడి కథలాగా చెప్పేస్తారు గానీ ఇది మన ఊళ్ళో ఉమ్మడి కుటుంబం బట్టల కొట్టు నడిపినట్టు నడిచిన వ్యవహారం.

ఇంతకీ అమ్మిందేంటి? నెట్‌వర్క్ పరికరాలని కనిపెట్టుకుని ఉండే సాఫ్ట్‌వేర్. పరమ బోరు. ఇంట్లో అమ్మకి చెప్తే అర్థం కాదు, కొనేవాళ్ళు టెలికం పరికరాలు చేసే కంపెనీలు. 2001లో డాట్‌కామ్ బుడగ పేలి ఇంటర్నెట్ కంపెనీల షేర్లు కుప్పకూలాక ఆ కంపెనీలే కుదేలైపోయాయి, కొనేవాడు లేడు. మామూలుగా అయితే అక్కడ జనాన్ని ఇంటికి పంపేసి షట్టర్ దించేయాలి. వీళ్ళు ఖాళీగా ఉన్న ఇంజనీర్లని కూర్చోబెట్టి మామూలు కంపెనీల ఐటీ డిపార్ట్‌మెంట్లకి పనికొచ్చే సరుకు తయారు చేయించారు, అదే మేనేజ్‌ఇంజిన్. అది నాలుగు డబ్బులు తెస్తుంటే దాని నీడలో 2005లో జోహో రైటర్, కస్టమర్ల వివరాలు చూసుకునే సీఆర్ఎం వచ్చాయి, 2009లో కంపెనీ పేరే జోహో అయింది. బయట పెట్టుబడి తీసుకోలేదు, షేర్ మార్కెట్‌కి వెళ్ళలేదు, ఇప్పటికీ లేదు. ఇన్వెస్టర్ డబ్బు ఉండి ఉంటే ఆ 2001లో అతనే మొదట ఫోన్ చేసి మూసేయండి అనేవాడు అని నా అనుమానం.

సరే, వైజాగ్‌కి ఇదంతా ఎందుకు అంటారా. 2025 ఏప్రిల్‌లో టీసీఎస్‌కి రుషికొండ ఐటీ హిల్ మీద 21.16 ఎకరాలు 99 పైసలకి ఇచ్చారు, తర్వాత కాగ్నిజెంట్‌కీ అదే రేటు. అక్టోబర్‌లో గూగుల్ 1500 కోట్ల డాలర్ల డేటా సెంటర్ ప్రకటించింది, ఆ రోజు నుంచి అది వచ్చే చోట్లలో ఒకటైన తర్లువాడ పేరు వినని మనిషి లేడు మన జిల్లాలో. నేను వద్దనట్లేదు. మా పక్కింటి కుర్రాడు ప్రతి ఆదివారం రాత్రి ఆవకాయ సీసా బ్యాగులో కుక్కుకుని హైదరాబాద్ రైలెక్కుతాడు, వాడికి ఇక్కడే ఉద్యోగం దొరికితే వాళ్ళమ్మ కంటే ముందు నేనే సంతోషిస్తా. కానీ బ్రాంచి ఆఫీసు వేరు, కంపెనీ వేరు. బ్రాంచిలో ఏం చేయాలో వేరే ఊళ్ళో తేలుద్ది. డేటా సెంటరయితే కట్టేటప్పుడే జనం, కట్టాక లోపల మిషన్లు ఎక్కువ మనుషులు తక్కువ.

చెన్నై సంగతి చూడండి. జోహోలో పనిచేసిన గిరీష్ మాతృభూతం బయటికొచ్చి 2010లో ఫ్రెష్‌వర్క్స్ పెట్టాడు, 2021లో అది అమెరికా షేర్ మార్కెట్ నాస్‌డాక్‌కి వెళ్ళింది, మధ్యలో రెండు కంపెనీలూ కోర్టుకి కూడా ఎక్కారనుకోండి అది వేరే సంగతి. సరుకు తయారు చేసి, రేటు కట్టి, అమ్మి, కస్టమర్ తిట్లు తినడం ఒక చోట చూసినోడే ఇంకో చోట పెట్టగలడు. అది 99 పైసల స్థలంతో రాదు.

ఇంకోటి, జోహో స్కూల్స్. 2004, 2005 ప్రాంతంలో ఆరుగురు పిల్లలతో మొదలుపెట్టారు, ఇంటర్ లేదా డిప్లొమా అయినోళ్ళని తీసుకుని, ఫీజు లేకుండా పైగా నెలనెలా చేతికి డబ్బులిచ్చి, రెండేళ్ళు నేర్పించి ఉద్యోగంలో పెట్టుకోవడం. దీన్ని అందరూ దానధర్మంలా చెప్తారు. నాకైతే ముందు ఇది వ్యాపారంలా కనిపిస్తుంది, ఐఐటీ వాళ్ళు అప్పట్లో ఈ పేరు తెలీని కంపెనీకి వచ్చేవాళ్ళు కాదు, రాని వాళ్ళ కోసం ఏడవకుండా వచ్చే వాళ్ళని తయారు చేసుకున్నారు. మన కంచరపాలెం పాలిటెక్నిక్‌లో అలాంటి పిల్లలకి కొదవా? వాళ్ళని తీసుకుని రెండేళ్ళు ఎదురుచూసే ఓపిక ఉన్న యజమానికే కొదవ.

ఆయన చేసినవన్నీ కరెక్టని కాదు. 2025 సెప్టెంబర్‌లో వాట్సాప్ లాంటి జోహో వాళ్ళ అరట్టై యాప్‌కి జనం ఎగబడితే మూడు రోజుల్లో రోజుకి 3 వేల సైనప్‌లు 3.5 లక్షలకి పోయాయని ఆయనే చెప్పాడు, కానీ అప్పటికి దాంట్లో మామూలు మెసేజ్‌లకి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షనే లేదు, అంటే మధ్యలో ఇంకెవరూ చదవకుండా వేసే తాళం. స్వదేశీ అని నెత్తిన పెట్టుకునే ముందు ఆ ముక్క అడగాలి కదా. చిప్ ఫ్యాక్టరీ పెడదామనుకుని, టెక్నాలజీ మీద నమ్మకం కుదరక అదే ఏడాది పక్కన పెట్టేశారు. ప్రభుత్వం రాయితీ ఇచ్చే పని, ఊ అంటే పేపర్లో మొదటి పేజీ, అయినా వద్దనుకున్నారు. నాకు ఆ పంచె కంటే ఇదే ఎక్కువ నచ్చింది. సీఈఓ కుర్చీ కూడా 2025 జనవరిలో వదిలేసి చీఫ్ సైంటిస్ట్‌నంటున్నాడు.

ఆ ఊళ్ళో ఆఫీసు నడవడానికి వెనకాల ప్రపంచమంతా ఏళ్ళ తరబడి కట్టిన డాలర్ బిల్లులున్నాయి. ముందు కస్టమర్లు, తర్వాత కొబ్బరి చెట్లు. మన సెమినార్లలో ముందు కొబ్బరి చెట్లు చూపిస్తున్నారు.

ఇదంతా ఆటోనగర్‌లో వాడికి చెప్పాను, సగం విన్నాడు సగం కౌంటర్ చూసుకున్నాడు. చివర్లో "మరి మన వైజాగ్‌ది అలాంటిది ఒక్కటీ లేదేటి?" అన్నాడు. ఉందిరా, ఫ్లుయెంట్‌గ్రిడ్ అని, 1998 నుంచీ ఉంది, మధురవాడ కొండ మీదే ఆఫీసు, సొంత సాఫ్ట్‌వేర్ చేసి అమ్ముద్ది అన్నాను.

"అవునా, మన షాపులకా?"

కాదు, కరెంటు కంపెనీలకి అన్నాను.

"ఓస్" అని, మళ్ళీ ఫోన్ తీసి ఆ బేరింగు నంబరు తప్పు పడిందని బిల్లు సరిచేసుకున్నాడు.